గీత దాటింది సరే, కూలి మాటేమిటి?

“ఎక్కడో అమెరికాలో ఒక తెల్లపిల్ల బాస్కెట్‌బాల్ ఆడితే మన పత్రికలో దాని గురించి ఎందుకు?” ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పగానే ఒక మిత్రురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అంగన్‌వాడీ కార్యకర్త చేతిలో పెట్టేదాన్ని జీతం అనడానికి కూడా ఇష్టపడక గౌరవ వేతనం అని పేరు పెట్టిన దేశం మనది. మనకి పనులు తక్కువై కాదు. అయితే కెయిట్లిన్ క్లార్క్ అనే ఆ అమ్మాయి వృత్తి జీవితంలోని మొదటి రెండేళ్లు చూస్తే, “మార్కెట్ ఎంత ఇస్తే ఆడదాని పని విలువ అంత” అని మనకి రోజూ చెప్పే మాటలో నిజమెంతో తేలుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

క్లార్క్ 2002లో అయోవా రాష్ట్రంలోని డి మోయిన్ నగరంలో పుట్టింది. ఆ రాష్ట్రంలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కి విచిత్రమైన చరిత్ర ఉంది. మగపిల్లల జట్టుకి ఐదుగురు, ఆడపిల్లల జట్టుకి ఆరుగురు. కోర్టు మధ్యలో గీత. ముగ్గురు గీతకి ఈవల ఉండి బంతిని బుట్టలో వేయాలి, ముగ్గురు ఆవల ఉండి ఎదుటి జట్టుని అడ్డుకోవాలి. ఎవరూ గీత దాటకూడదు. బంతిని రెండుసార్లకి మించి నేలకి కొట్టకూడదు. దీని మూలం పాతది. 1892లో స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే అధ్యాపకురాలు స్త్రీలకి ఈ ఆట నేర్పినప్పుడే కోర్టుని మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్లే ఉండాలన్నారు. స్త్రీలు ఎక్కువ పరిగెత్తితే వాళ్ల శరీరాలు తట్టుకోలేవని, ఒకరినొకరు తోసుకుంటే స్త్రీత్వం పోతుందని ఆనాటి భయం. ఆటకి చోటిచ్చారు, షరతులతో. అయోవా హైస్కూళ్లలో ఆరుగురి ఆట 1993 దాకా సాగింది. అంటే క్లార్క్ పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందు వరకు!

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆ గీతల మధ్య ఆటనే చూడడానికి అయోవా పల్లెలు దశాబ్దాలపాటు కదిలి వచ్చేవి. ఆడపిల్లల రాష్ట్ర పోటీలంటే అక్కడ పండుగ. “స్త్రీల ఆట ఎవరు చూస్తారు?” అనే మాట అక్కడ ఏనాడూ నిజం కాదు.

క్లార్క్‌కి పేరు తెచ్చింది సరిగ్గా ఆ మధ్యగీత దరిదాపుల నుంచి వేసే బంతే. 2024 ఫిబ్రవరి 15న అయోవా విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ, అంత దూరం నుంచి వేసిన బంతితోనే ఎన్‌సీఏఏ మహిళల పోటీల్లో అత్యధిక పాయింట్ల రికార్డుని దాటింది. అమ్మమ్మల తరం అడుగు పెట్టకూడని చోటు అది. చూస్తే ఒళ్లు పులకరించే దృశ్యమే, నేను కాదనను.

కానీ ఆ రికార్డు సంగతి కొంచెం ఆలోచించాలి. 1977 నుంచి 1981 వరకు కేన్సస్ విశ్వవిద్యాలయంలో లినెట్ ఉడార్డ్ అనే నల్లజాతి క్రీడాకారిణి 3,649 పాయింట్లు చేసింది. అప్పట్లో మహిళల కాలేజీ క్రీడలని నడిపింది మహిళల సొంత సంస్థ. మగవాళ్ల క్రీడలని నడిపే ఎన్‌సీఏఏ 1980ల మొదట్లో మహిళల క్రీడల్ని కూడా తన చేతుల్లోకి తీసుకుంది. ఆ సంస్థ మూతపడింది. దానితోపాటు దాని కాలంలోని స్కోర్లు కూడా అధికారిక పుస్తకంలోకి ఎక్కలేదు. కాలేజీ అయ్యాక ఉడార్డ్‌కి స్వదేశంలో నిలదొక్కుకున్న మహిళల లీగ్ ఏదీ లేదు. 1985లో హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ అనే ప్రదర్శన జట్టులో చేరిన తొలి మహిళ అయింది. డబ్ల్యూఎన్‌బీఏ అనే మహిళల లీగ్ ఆటలు 1997లో మొదలయ్యేనాటికి ఆమె వయసు 37 ఏళ్లు. అయినా వెళ్లి ఆడింది. క్లార్క్ 2024 ఫిబ్రవరి చివర్లో ఉడార్డ్ స్కోరుని కూడా దాటింది కనకనే చాలామంది ఆ పేరు మొదటిసారి విన్నారు. స్త్రీల శ్రమని ముందు నమోదు చేయరు, తర్వాత “మీకు చరిత్ర ఎక్కడుంది?” అని అడుగుతారు. మనకిది కొత్తా?

2024 ఏప్రిల్‌లో కాలేజీ మహిళల ఫైనల్‌ని అమెరికాలో సుమారు 1 కోటీ 89 లక్షల మంది టీవీలో చూశారు. అదే ఏడాది మగవాళ్ల ఫైనల్‌ని చూసింది సుమారు 1 కోటీ 48 లక్షల మంది. మహిళల ఫైనల్‌ని ఎక్కువమంది చూడడం అదే మొదటిసారి. వారం తిరిగేసరికి ఇండియానా ఫీవర్ జట్టు క్లార్క్‌ని లీగ్‌లోకి మొట్టమొదటి ఎంపికగా తీసుకుంది. ఆమె తొలి పత్రికా సమావేశంలోనే ఒక సీనియర్ పాత్రికేయుడు, ఆమె తన కుటుంబానికి చేతులతో చూపించే గుర్తుని తనకి చూపించమని వెకిలిగా మాట్లాడి, తర్వాత క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. పనిచోట మొదటిరోజు అనుభవం అది.

ఇక జీతం. మొదటి ఏడాదికి 76,535 డాలర్లు. అప్పటి లెక్కన సుమారు 64 లక్షల రూపాయలు. అంతకుముందు ఏడాది మగవాళ్ల లీగ్‌లో మొదటి ఎంపికైన కుర్రవాడికి మొదటి ఏడాది జీతం కోటీ 20 లక్షల డాలర్లకి పైమాటే. 64 లక్షలంటే మన కళ్లకి చిన్న మొత్తం కాదు. మగవాళ్ల లీగ్ 1946లో పుట్టింది, దాని ఆదాయం ఎన్నో రెట్లు ఎక్కువ, ఆడే ఆటలు కూడా రెట్టింపు. అవన్నీ ఒప్పుకుందాం. అసలు ప్రశ్న మొత్తం గురించి కాదు, వాటా గురించి. మగవాళ్ల లీగ్ ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లకి దక్కుతుంది. మహిళల లీగ్‌లో 2020 నాటి ఒప్పందం కింద క్రీడాకారిణులకి దక్కింది పదో వంతుకి అటూ ఇటూ అని పరిశీలకుల అంచనా. “ఆదాయం తక్కువ కాబట్టి జీతం తక్కువ” అనే వాదన ఇక్కడ కూలిపోతుంది. ఆదాయం ఎంతైనా, అందులో పనిచేసేవాళ్ల భాగమెంత అన్నది మార్కెట్ రాసిన రాత కాదు. మనుషులు కూర్చుని రాసుకున్న ఒప్పందం.

విమానాల సంగతి వింటే ఇది ఇంకా తెలుస్తుంది. లీగ్‌లోని క్రీడాకారిణులు ఏళ్ల తరబడి మామూలు విమానాల్లో, ఇరుకు సీట్లలో ప్రయాణించి తెల్లారి ఆడేవారు. 2021లో న్యూయార్క్ లిబర్టీ జట్టు యజమానులు తమవాళ్లకి ప్రత్యేక విమానం పెడితే, నియమం ఉల్లంఘించారని లీగ్ 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది! అదే లీగ్ 2024 మేలో అందరికీ ప్రత్యేక విమానాలు ప్రకటించింది. అప్పటివరకు లేదన్న డబ్బు ఉన్నట్టుండి ఎక్కడి నుంచి వచ్చింది?

“ఆ అమ్మాయికి ప్రకటనల మీద కోట్లు వస్తాయి కదా, ఇక బాధేమిటి?” అనేవాళ్లున్నారు. వస్తాయి, నిజమే. కానీ ప్రకటన డబ్బు వ్యాపార సంస్థ ఇష్టపడి ఎంచుకున్న ఒక్కరికి వచ్చేది. వేతనం పక్కనే ఆడే పదకొండు మందికీ చెందే హక్కు. వ్యాపార సంస్థలు ఎవరిని ఎంచుకుంటాయన్నది కూడా అమాయకమైన విషయం కాదు. లీగ్‌లో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు, వారిలో లెస్బియన్లూ చాలామంది ఉన్నారు. 2023 ఫైనల్‌లో లూసియానా జట్టు క్రీడాకారిణి ఏంజెల్ రీస్, క్లార్క్ అంతకుముందు చేసిన సైగనే తిరిగి చేసింది. క్లార్క్ చేస్తే పట్టుదల అన్నారు, నల్లమ్మాయి చేస్తే పొగరు అన్నారు. రీస్‌ని విమర్శించడం తప్పని క్లార్క్ స్వయంగా చెప్పింది. 2024 సీజన్ చివర్లో తనమీద వచ్చిన జాతి దూషణలు తన పదకొండేళ్ల ఆటలో ఎన్నడూ చూడలేదని అలిస్సా థామస్ అనే సీనియర్ క్రీడాకారిణి చెప్పుకుంది. తెల్లజాతి మనిషిగా తనకి కలిసొచ్చినదాన్ని, ఈ లీగ్‌ని నిలబెట్టింది నల్లజాతి స్త్రీలన్న సంగతిని క్లార్క్ ఆ ఏడాది చివర ఒప్పుకుంది. అలా అన్నందుకు తన అభిమానుల్లోనే కొందరితో తిట్లు తిన్నది. 22 ఏళ్ల పిల్ల ఆ మాత్రం అనగలిగినందుకు మనం సంతోషించాలి. అయితే ఒక వ్యక్తి మంచితనంతో తీరే సమస్య కాదిది.

మొదటి ఏడాది ఆమె ఉత్తమ కొత్త క్రీడాకారిణిగా ఎంపికైంది. ఫీవర్ సొంత ఊళ్లో ఆడే ఆటలకి అంతకుముందు సగటున 4 వేల మంది వచ్చేవారు, ఆ ఏడాది 17 వేల మంది వచ్చారు. రెండో ఏడాది, 2025లో, కాలి కండరాలు పట్టేశాయి, గజ్జల్లో గాయమైంది. కాలేజీలోగానీ తొలి సీజన్‌లోగానీ ఒక్క ఆట కూడా మానని పిల్ల పదమూడు ఆటలే ఆడగలిగింది. కూలికి వెళ్లే స్త్రీకి ఒళ్లే ఆధారమైనట్టు, క్రీడాకారిణికి కూడా ఒళ్లే పెట్టుబడి. పనిచేయగల ఏళ్లు కొన్నే. వాటికి సరైన వెల ఆ ఏళ్లలోనే రావాలి.

అందుకే ఈ కథలో నాకు ముఖ్యంగా కనిపించింది మధ్యగీత నుంచి వేసిన బంతి కాదు. 2024 అక్టోబరులో క్రీడాకారిణుల సంఘం పాత ఒప్పందం నుంచి తప్పుకుని కొత్త బేరానికి కూర్చుంది. 2025 జూలైలో ఇండియానాపోలిస్‌లో జరిగిన ఆల్‌స్టార్ ఆటకి ముందు క్రీడాకారిణులంతా “మాకు బాకీ ఉన్నది మాకివ్వండి” అన్న అర్థం వచ్చే చొక్కాలు వేసుకుని కోర్టులోకి వచ్చారు. గాయంతో ఆడలేకపోయిన క్లార్క్ కూడా అదే చొక్కాతో వాళ్ల మధ్య నిలబడింది. కోట్లు వచ్చే మనిషి, రానివాళ్ల పక్కన. జాలి అడగలేదు, బాకీ అడిగారు.

మన దగ్గర 2022 అక్టోబరులో క్రికెట్ బోర్డు స్త్రీ పురుషులకి మ్యాచ్ ఫీజు సమానం చేసినప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం. ఆ సీజన్‌లో ఏడాది ఒప్పందాలు మాత్రం మగవాళ్ల పైశ్రేణికి 7 కోట్లు, ఆడవాళ్ల పైశ్రేణికి 50 లక్షలుగానే ఉన్నాయి. చప్పట్ల చప్పుడులో రెండో అంకె వినపడలేదు.

చివరిగా మనవైపు కూడా ఒకసారి చూసుకుందాం. మన సంస్థల వార్షిక నివేదికల్లో “విజయగాథ” అని ఒక పేజీ ఉంటుంది. ఒకామె ఫోటో, ఆమె సాధించినది, కింద మన పేరు. ఈసారి ఆ పేజీ రాసేముందు పక్కన మరి మూడు సంగతులు రాద్దాం. ఆమెతోపాటు పనిచేసినవాళ్లకి ఏమి దక్కింది? ఆమె సృష్టించిన ఆదాయంలో వాళ్ల వాటా ఎంత, ఆ వాటాని ఎవరు నిర్ణయించారు? ఆమెకన్నా ముందు ఆ దారి వేసి, ఏ పుస్తకంలోకీ ఎక్కని ఉడార్డ్‌లు ఎవరు? మూడింటికీ జవాబు దొరక్కపోతే అది విజయగాథ కాదు, ఒక్క మనిషి ఫోటో.