టక్కుమంటే తగ్గినట్టేనా?

పోయిన నెల నడుము పట్టేసింది. స్కూటర్ మీద ఖైరతాబాద్ ఫ్లైఓవర్ దిగి ఇంటికొచ్చేసరికి చెప్పులు విప్పుకోవడానికి కూడా వంగలేకపోయాను. మా మేనల్లుడు ఫోన్లో వీడియో పెట్టాడు. బల్ల మీద పడుకున్న మనిషి మెడ పట్టుకుని ఒక్క తిప్పు. టక్! ఆయన మొహం వెలిగిపోయింది. "ఒక్క సిట్టింగ్ మామయ్యా, హాయిగా ఉంటుంది" అన్నాడు.

చెప్పొద్దూ, నాకూ ఆ చప్పుడు మీదే మనసు పడింది. ఒకచోటికి వెళ్లాను. బల్ల ఎక్కకముందే ఇరవై సిట్టింగుల ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. నొప్పి ఎన్నాళ్లుగా ఉంది, కాల్లోకి లాగుతోందా, ఏం పని చేస్తారు అని అడిగిన పాపాన పోలేదు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, నేను కోరిందీ చప్పుడే, వాళ్లు అమ్మిందీ చప్పుడే. కాగితం అక్కడే పెట్టి వచ్చేశాను.

ఆ టక్కుమనడం ఎముక సర్దుకున్నందుకు కాదు. కీలులోని ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా మారి గాలి బుడగ వల్ల వచ్చే చప్పుడది. మెటికలు విరుచుకుంటే వచ్చేదీ అదే. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ మొదలుపెట్టిన ఈ టక్కుమనిపించే వైద్యానికి, అంటే కైరోప్రాక్టిక్‌కు, అక్కడ ఇప్పుడు ఏళ్ల చదువు, లైసెన్సు ఉండాలి. నడుము నొప్పికి కొంత ఉపశమనం దొరకొచ్చు కూడా. మెడ సంగతి వేరు. అరుదుగానైనా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చిరిగి పక్షవాతం రావచ్చు. అందుకే ముందు అడగాలి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి.

చివరికి రాజ్‌భవన్ రోడ్డు వైపు సందులో ఒక ఫిజియోథెరపిస్టును కలిశాను. "రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి" అన్నారావిడ. కూర్చున్నాక నా వెనక జేబులోంచి పర్సు తీయించారు. పాత రసీదులతో కలిపి రెండంగుళాల మందం. "దీని మీద ఎన్నేళ్లుగా కూర్చుంటున్నారు?" నాకు నవ్వొచ్చింది, ఆవిడ నవ్వలేదు. చాప పరిచి మూడు వ్యాయామాలు నేర్పారు. "పది రోజులు చేయండి. తగ్గితే రావద్దు. కాలు తిమ్మిరెక్కితే మాత్రం నా దగ్గరికి కాదు, నిమ్స్‌కు వెళ్లండి" అన్నారు. ఎముకల ఆసుపత్రిగా పుట్టిన నిమ్స్ అక్కడికి కూతవేటు దూరమే.

రోగి మళ్లీ వస్తే వైద్యుడికి లాభం, రాకపోతే రోగికి లాభం. ఈ తగవులో రోగి పక్షం వహించేవారి దగ్గరే చివరికి జనం చేరతారు. పుత్తూరు కట్టు పేరు తెలుగు నేలంతా పాకింది ఎలా? కట్టు విప్పుకుని నడిచినవాడు ఎముక విరిగినవాడికి దారి చెప్పాడు.

నాకు తగ్గింది, ఆవిడ దగ్గరికి మళ్లీ వెళ్లలేదు. నేను పంపిన నలుగురు వెళ్లారు. నాలుగోవాడు మా మేనల్లుడే. ఆ వీడియోలు తల వంచుకుని చూసీ చూసీ మెడ పట్టేసింది.