మన గోడపత్రికలో ఒక సంచిక బొమ్మలకే ఇవ్వాలి

ఇది నా అభిప్రాయం మాత్రమే. తప్పుంటే చెప్పండి, కోప్పడకండి.

వేసవి శిబిరానికి వచ్చిన డ్రాయింగ్ అక్క ఒక చిన్న పుస్తకం చూపించింది, గుర్తుందా? తెల్ల ఎ4 కాగితాన్ని రెండుసార్లు మడిస్తే ఎంత ఉంటుందో అంతే ఉంది. దాని పేరు ‘ష్!’. మన మేట్రన్ అమ్మ స్టడీ అవర్‌లో అంటారే, అదే మాట! లాట్వియా దేశంలో రీగా పట్టణంలో 2007లో మొదలుపెట్టారట. ఆ దేశం జనాభా 20 లక్షల లోపే. అందులో ఒక్కో సంచికకు ఒక్కో అంశం ఇస్తారు. రకరకాల దేశాల వాళ్లు ఆ అంశం మీద చిన్న చిన్న బొమ్మల కథలు వేసి పంపుతారు. నిజం చెప్పాలంటే కొన్ని కథలు నాకు అర్థం కాలేదు. కొన్ని బొమ్మలు వంకరగా, మన మూడో తరగతి పిల్లలు వేసినట్టే ఉన్నాయి. అయినా అచ్చు వేశారు.

అక్క ఇంకో పుస్తకం గురించి కూడా చెప్పింది. ఫ్రాన్స్‌లో 1999లో ‘కామిక్స్ 2000’ అని వేశారు. మొత్తం 2000 పేజీలు! 29 దేశాల నుండి 324 మంది వేశారు. అంశం 20వ శతాబ్దం. షరతు ఏంటంటే, కథలో ఒక్క మాట కూడా రాయకూడదు. అంతా బొమ్మలతోనే చెప్పాలి. అందుకే ఏ దేశం వాళ్లయినా చదవొచ్చు. చదువు రాని వాళ్లు కూడా.

ఆ మాట వినగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. పోయిన సంచికలో నా వ్యాసం వచ్చింది కదా, ఆ ఆదివారం అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. గోడ దగ్గరికి తీసుకెళ్లి “ఇదే నేను రాసింది” అన్నాను. అమ్మ కాసేపు నిలబడి చూసింది. తర్వాత పక్కన అందం కోసం అంటించిన జింక బొమ్మ మీద వేలు పెట్టి, “ఇది ఎవరు వేశారమ్మా, బాగుంది” అంది. నాకు ఏడుపొచ్చింది. అమ్మది తప్పు కాదు. ఆ గోడ మీద అమ్మ చదవగలిగింది అదొక్కటే. వేసిన పిల్ల పేరు కూడా మనం రాయలేదు. ఆ పిల్ల ఆరో తరగతి, ఇంకా సవర మాటే బాగా వస్తుంది, తెలుగు రాయడం కష్టం. అందుకే బొమ్మ ఇచ్చింది. కమిటీలో నేను కూడా ఉన్నాను, “ఇందులో మేటర్ లేదు” అన్న వాళ్లలో నేనూ ఒకదాన్ని.

మా సవర ఊళ్లలో ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో మనుషులు, చెట్లు, జంతువులు, దేవతలు అన్నీ వేస్తారు. అక్షరం ఒక్కటీ ఉండదు. మా తాతకు అది చదవడం వచ్చు, నాకే సరిగా రాదు.

బొమ్మలు వేస్తూ కూర్చుంటే చదువు పోతుందని ఒక సార్ అన్నారు. నేను ఒక కథ నాలుగు గడుల్లో వేసి చూశాను. మా ఊరి గెడ్డ ఎండిపోవడం గురించి. వ్యాసమైతే గంటలో రాసేస్తాను. ఇది మూడు రోజులు పట్టింది. ఏది వేయాలో, ఏది వదలాలో తెలియదు. నీళ్లు లేవని నీళ్లు వేయకుండా ఎలా చూపించాలి? చివరకి బోర్లించిన బిందె మీద కాకిని కూర్చోబెట్టాను.

వచ్చే సంచికకి అంశం ‘నీళ్లు’ పెడదాం. కొండ మీది పిల్ల ఊట వేస్తుంది, గోదావరి ఒడ్డు నుండి వచ్చిన కోయ పిల్ల వరద వేస్తుంది. మన బాత్రూమ్ కుళాయి దగ్గర లైను కూడా ఎవరో వేస్తారు, మేడమ్ గారు ఏమీ అనుకోకూడదు. మాటలు వద్దు, కింద పేరు, ఊరు మాత్రం రాయాలి.

ఎ4 కాగితాన్ని నాలుగు చేస్తే నలుగురికి సరిపోతుంది. నా దగ్గర పది కాగితాలు ఉన్నాయి. స్కెచ్ పెన్నులు స్టోర్ రూములో ఉన్నాయట, మేడమ్ గారు ఇప్పించాలి. పేర్లు ఇచ్చేవాళ్లు రాత్రి భోజనాలయ్యాక నా దగ్గరికి రండి. జింక బొమ్మ వేసిన చెల్లి పేరు ముందే రాసి పెట్టాను.

– 9వ తరగతి విద్యార్థిని