మత్తులో మాట జారితే...

ఆపరేషన్ అంటే భయపడని మనిషి అరుదు. మళ్లీ మెలకువ రాదేమోనని ఒక భయం, కోసేటప్పుడు నొప్పి తెలుస్తుందేమోనని ఒక భయం, బిల్లు ఎంతవుతుందోనని మరొక భయం. ఇవన్నీ డాక్టరుతోనో ఇంట్లో వాళ్లతోనో చెప్పుకునేవే. చెప్పుకోలేని భయం ఇంకొకటుంది. మత్తులో నోరు జారి, ఇన్నేళ్లూ గుండెల్లో దాచుకున్నది బయట పెట్టేస్తానేమోనన్న భయం అది. పెళ్లికి ముందు నాటి ఒక సంగతి, భర్తకు తెలియకుండా పుట్టింటికి పంపిన డబ్బు, ఎప్పుడో మానేసిన ఒక చెడు అలవాటు, స్నేహితురాలు ఒట్టు వేయించుకుని చెప్పిన మాట - ఏదైనా కావచ్చు. దీని గురించి ఎవరినైనా అడుగుదామంటే "అంత దాచిందేముంది?" అన్న ప్రశ్న ముందుగా ఎదురవుతుంది. అందుకే నోరు మెదపరు. ఎండోస్కోపీ చేయించుకోమంటే ఏదో ఒక సాకు చెప్పి వాయిదా వేస్తూ పోతారు. మత్తు లేకుండానే కానివ్వమని డాక్టరును బతిమాలుకుంటారు.

ఈ భయాన్ని నవ్వి కొట్టిపారేయడం తేలికే. కాని అది సబబు కాదు. తన లోపాల మీద పరదా నిలబడాలని కోరుకోవడం విశ్వాసికి తగిన పనే. చిక్కెక్కడంటే, ఈ భయంలో బరువంతా మోయలేని మనిషి మీద పడుతోంది. మంచం మీద స్పృహ లేకుండా పడి ఉన్నవారు తమ నాలుకకు కాపలా కాయలేరు. ఆ కాపలా మంచం పక్కన నిలబడినవారిది. మన కుటుంబాల్లో ఈ రెండో మాట చెప్పేవారు తక్కువ.

ముందుగా వైద్యం సంగతి చూద్దాం. మత్తు మందు మన ప్రాంతానికి కొత్తది కాదు. 1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్ ఆసుపత్రిలో ఈథర్ మత్తుతో ఆపరేషన్ చేసి ప్రపంచానికి చూపించారు. ఆ తరువాత నలభై ఏళ్లకే, క్లోరోఫాం ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888, 1889లలో హైదరాబాదులో రెండు కమిషన్లు పనిచేశాయి. అప్పట్లో అందరినీ వేధించిన ప్రశ్న ఒక్కటే: రోగి బతుకుతాడా లేదా? రహస్యాల బెంగ తరువాత వచ్చింది.

అది ఎలా వచ్చిందో కూడా తెలుసు. అమెరికాలోని టెక్సాస్‌లో రాబర్ట్ హౌస్ అనే కాన్పుల డాక్టరు ఉండేవాడు. నొప్పులు తెలియకుండా స్కోపొలమైన్ అనే మందు ఇచ్చిన స్త్రీ, ఆ మగతలోనే అడిగిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పడం 1916లో ఆయన గమనించాడు. ఈ మందు ఇస్తే మనిషి అబద్ధం ఆడలేడని నమ్మి 1922లో ఖైదీల మీద ప్రయోగించి చూశాడు. పత్రికలు దానికి 'సత్యం పలికించే మందు' అని పేరు తగిలించాయి. తరువాత పెంటథాల్ వచ్చింది, సినిమాలు వచ్చాయి, మన దేశంలో నార్కో పరీక్షలు వచ్చాయి. నిందితులు మత్తులో గొణిగిన మాటలను టీవీ చానెళ్లు ఇంటింటికీ వినిపించాయి. అవి చూసినవారికి, రేపు తమ చేతికి మత్తు ఇంజెక్షను ఇస్తారంటే గుండె దడదడలాడటంలో ఆశ్చర్యమేముంది?

అయితే ఆ కథ అక్కడితో ఆగలేదు. 2010 మే 5న సెల్వి కేసులో మన సుప్రీంకోర్టు, మనిషి ఇష్టానికి విరుద్ధంగా నార్కో పరీక్ష చేయడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. ఇష్టపడి చేయించుకున్నా, ఆ మత్తులో వచ్చిన మాటలను నేరుగా సాక్ష్యంగా తీసుకోవడానికి వీల్లేదని కూడా చెప్పింది. ఎందుకంటే మత్తులో మనిషి నిజమూ చెబుతాడు, ఊహా చెబుతాడు, ఎదుటివాడు అందించిన మాటే తిరిగి అప్పగిస్తాడు. అత్యున్నత న్యాయస్థానమే సాక్ష్యంగా అంగీకరించని మాటను పట్టుకుని ఇంట్లో పంచాయితీ పెట్టే హక్కు అత్తగారికి గాని, బావమరిదికి గాని ఎక్కడి నుంచి వచ్చింది?

పైగా ఆసుపత్రిలో జరిగేది విచారణ కాదు. పెద్ద ఆపరేషన్లలో పూర్తి మత్తు ఇచ్చినప్పుడు గొంతులో గొట్టం ఉంటుంది, కండరాలు సడలిపోయి ఉంటాయి. మాట అన్నదే రాదు. నడుముకు ఇంజెక్షను ఇచ్చి చేసే సిజేరియన్ వంటి వాటిలో సాధారణంగా తల్లి మెలకువగానే ఉంటుంది, ఏం మాట్లాడుతున్నదీ తనకు తెలుస్తుంది. మాటలు దొర్లేది రెండు సందర్భాల్లో. ఎండోస్కోపీ వంటి పరీక్షలకు ఇచ్చే తేలిక మత్తులో ఒకటి, ఆపరేషన్ అయ్యాక మెలకువ వచ్చే ఆ కాసేపట్లో రెండోది. అప్పుడు వచ్చే మాటలు ఎక్కువగా ఎలాంటివి? "అయిపోయిందా?" అని ఒకటే ప్రశ్న పదిసార్లు. దాహం. "పిల్లలు తిన్నారా?" కొందరు కారణం లేకుండా ఏడుస్తారు. ఎవరూ ప్రశ్నలు వేసి కూపీ లాగనప్పుడు, ఏళ్ల తరబడి దాచిన సంగతి వరుసగా చెప్పుకొచ్చేటంత తెలివి ఆ మగతలో ఉండదు. ఎన్నడూ ఎవరి విషయంలోనూ జరగదని హామీ ఇవ్వలేం గాని, జనం ఊహించుకునేటంత మాత్రం కాదు.

మరి భయం ఇంతగా ఎందుకు పీడిస్తుంది? ఈ మత్తుకు తరచుగా వాడే మిడజోలం అనే మందుకు ఒక గుణం ఉంది. అది ఇచ్చాక కొంతసేపు జరిగింది మనిషికి గుర్తుండదు. డాక్టరుతో మాట్లాడి ఉంటారు, కాని ఒక్క ముక్కా జ్ఞాపకం ఉండదు. ఏమన్నానో నాకే తెలియదన్న ఆ ఖాళీలో అనుమానం వచ్చి కూర్చుంటుంది. కెటమిన్ అనే మందుతో కొందరికి వింత వింత కలలు కూడా వస్తాయి. కలలో చూసినదాన్ని జరిగినట్లుగానే చెబుతారు. ఈ సంగతి వినేవారు ముఖ్యంగా తెలుసుకోవాలి.

ఇక ధర్మం ఏమంటున్నదో చూద్దాం. నిద్రించేవాడు మేల్కొనేదాకా, పిల్లవాడు యుక్తవయసుకు వచ్చేదాకా, మతి తప్పినవాడికి మతి వచ్చేదాకా - ఈ ముగ్గురి విషయంలో కర్మలు రాసే కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. అబూ దావూద్, తిర్మిజీ తదితర హదీసు గ్రంథాల్లో ఇది ఉంది. స్పృహ తప్పినవారిని కూడా ధర్మవేత్తలు ఈ కోవలోనే చేర్చారు. ఎడారిలో ఒంటె తప్పిపోయి, ఇక చావే గతి అనుకున్నవాడికి అది తిరిగి కనిపిస్తే, పట్టరాని ఆనందంలో దైవాన్ని తన దాసుడని, తనను దైవమని తడబడి పలికిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. అంతకంటే పెద్ద మాట ఏముంటుంది? దైవప్రవక్త (సఅసం) ఆ మనిషిని తప్పుపట్టలేదు. దాసుడి పశ్చాత్తాపానికి దైవం ఎంతగా సంతోషిస్తాడో చెప్పడానికి ఆ మనిషి ఆనందాన్నే ఉదాహరణగా చూపారు. స్పృహలో ఉండి తడబడినవాడికే అంత మినహాయింపు ఉంటే, సూది మందుతో స్పృహ పోయినవారి సంగతి చెప్పాలా?

"మత్తు తానుగా ఒప్పుకుని తీసుకున్నదే కదా" అని ఎవరైనా వాదించవచ్చు. ధర్మవేత్తలు దీన్నీ వదల్లేదు. పాపమని తెలిసీ తాగి మత్తెక్కినవాడిని, వైద్యం కోసం మందు పుచ్చుకుని మతి తప్పినవాడిని వారు ఒకే గాటన కట్టలేదు. తాగినవాడి విషయంలో కఠినంగా ఉండే హనఫీ ధర్మవేత్తలు సైతం, మందు వల్ల స్పృహ పోయినవాడు పలికిన తలాఖ్ చెల్లదనే అన్నారు. ఒకేసారి చెప్పే మూడు తలాఖ్‌ల మీద 2017లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు, 2019లో వచ్చిన చట్టం వేరే చర్చ. ఇక్కడ అసలు మాటే మాట కాదు. మత్తులో వేసిన ఒట్టుకూ, ఒప్పుకున్న నేరానికీ, రాసిస్తానన్న ఆస్తికీ ఇదే వర్తిస్తుంది.

మంచం మీది మనిషి మీద నుంచి కలం ఎత్తివేయబడింది. పక్కనున్నవారి మీద నుంచి ఎత్తివేయబడలేదు. ఒక మనిషి మాట చెబుతూ అటూ ఇటూ చూశాడంటే, ఆ మాట విన్నవాడి దగ్గర అమానతు అయిపోతుందని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసులో ఎంత సున్నితత్వం ఉందో చూడండి. "ఎవరికీ చెప్పకు" అని నోటితో అననక్కరలేదు, చుట్టూ చూస్తే చాలు. మత్తులో ఉన్నవారికి ఆ చుట్టూ చూసే శక్తి కూడా లేదు. వారి తరఫున ఆ చూపు మనమే చూడాలి. ఒకరి గుట్టు ఒకరు కూపీ లాగవద్దని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా నిషేధించింది. సగం మెలకువలో ఉన్న కోడలి పక్కన చేరి "ఎవరి పేరో అంటున్నావే, ఎవరమ్మా?" అని మెల్లగా అడగడం ఆ నిషేధం కిందికి రాకపోతే మరేది వస్తుంది?

మన పెద్దలకు ఈ మర్యాద తెలియనిది కాదు. మయ్యిత్‌కు గుస్ల్ చేయించేవారిని చూడండి. శరీరం మీద ఏ మచ్చ చూసినా, ఏ లోపం చూసినా గది దాటి బయటికి రానివ్వరు. చనిపోయినవారికి ఇచ్చే ఆ గౌరవం, బతికి ఉండి రెండు గంటలు స్పృహ లేనివారికి ఇవ్వలేమా?

నిజానికి ఇప్పుడు నాలుక కంటే పెద్ద ముప్పు జేబులో ఉంది. మత్తు వదిలేటప్పుడు తడబడే మాటలను ఫోనులో తీసి, నవ్వులాటగా చుట్టాల గ్రూపులో పెట్టడం ఒక సరదా అయిపోయింది. పన్ను పీకించుకున్న కుర్రవాడి వీడియో అయితే నవ్వేసి ఊరుకుంటాడేమో. ఓణీ జారిన సంగతి తెలియక ఏదో గొణిగే ఆడపిల్ల వీడియో ఎవరెవరి ఫోన్లలోకి వెళుతుందో తీసినవారికే తెలియదు. ఆసుపత్రి సిబ్బందికి నియమాలున్నాయి. రోగి రహస్యాలను, కోర్టు ఆదేశం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, వెల్లడించకూడదని భారత వైద్య మండలి 2002 నాటి నిబంధనల్లోనే రాసి ఉంది. చుట్టాలకు అలాంటి కాగితమేదీ లేదు. వారికున్నది దైవభీతి ఒక్కటే.

ఈ భయం అసలైన ప్రమాదానికి దారితీసే చోటు మరొకటుంది. రహస్యం బయటపడుతుందని బెంగపడే మనిషే, చెప్పి తీరవలసిన రహస్యాన్ని మత్తు డాక్టరు దగ్గర దాస్తాడు. ఆపరేషన్‌కు ముందు ఆయన వచ్చి "తాగుడు అలవాటుందా? గుట్కా, సిగరెట్? నిద్రమాత్రలు? పొద్దున ఏమైనా తిన్నారా?" అని అడుగుతాడు. అప్పుడు మంచం చుట్టూ అమ్మీ, అబ్బా, భార్య, మసీదు నుంచి చూడవచ్చిన ఇద్దరు పెద్దలు నిలబడి ఉంటారు. తాగుతానని ఎలా చెబుతాడు? రోజూ తాగేవారికి మత్తు మోతాదు లెక్క మారుతుంది. ఆపరేషన్ తరువాత ఉన్నట్టుండి తాగుడు ఆగితే వణుకు, ఫిట్స్ రావచ్చు. కడుపులో తిండి ఉండగా మత్తిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. తేలికపాటి భోజనం తరువాత ఆరు గంటలు, మంచినీళ్లయితే రెండు గంటలు ఆగమనేది ఇందుకే. నెల తప్పిందన్న అనుమానం ఉన్న స్త్రీ కూడా అది చెప్పి తీరాలి. కనుక చూడవచ్చినవారు ఆ పది నిమిషాలు బయటికి నడవాలి. వారు నడవకపోతే "డాక్టరుగారూ, మీతో ఒంటరిగా మాట్లాడాలి" అని రోగి అడగవచ్చు. స్త్రీలైతే లేడీ డాక్టరునో, సిస్టరునో తోడుగా ఉండమనవచ్చు. మత్తులో మాట జారుతుందన్న బెంగను కూడా అప్పుడే చెప్పేయవచ్చు. ఆయనకు అది కొత్త ప్రశ్నేమీ కాదు. మెలకువ వచ్చే గదిలోకి ఎవరినీ పంపవద్దని కూడా కోరవచ్చు.

రహస్యాలన్నీ ఒక రకం కావన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. దాసుడికీ దైవానికీ మధ్య ఉన్న పాపమైతే తౌబా చేసుకుని, దైవం కప్పిన పరదాను అలాగే ఉండనివ్వాలి. భార్యకో, భర్తకో వెళ్లి ఒప్పుకోవాలన్న నియమం లేదు. రాత్రి చేసిన పాపాన్ని దైవం కప్పిపుచ్చితే, తెల్లవారి తానే చాటుకునేవాడిని గురించి హదీసులో కఠినమైన హెచ్చరిక కూడా ఉంది. కాని ఆ రహస్యం ఎవరి అప్పో, ఎవరి సొమ్మో, చెల్లెలికి ఇవ్వని వాటానో అయితే, అది దాచుకోవడానికి మనది కాదు. అలాంటిది ఉన్నవాడు వీలునామా రాసి దగ్గర పెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపకూడదని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజున ఒక తెల్ల కాగితం తీసుకుని కూర్చుంటే ఆ బెంగలో సగం అక్కడే తీరుతుంది.

పిల్లలకు ఈ పాఠం చెప్పదలచిన తల్లులకు హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) ఉదంతం చాలు. చిన్నవాడైన అనస్ (రజి) ఒకరోజు ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. దైవప్రవక్త (సఅసం) ఒక పని మీద పంపారన్నాడు. ఏం పని అని తల్లి అడిగింది. అది రహస్యమన్నాడు. ఆమె రెండోసారి అడగలేదు. దైవప్రవక్త రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని కొడుకుకే చెప్పింది.

చివరగా ఒక చిన్న చిక్కు. మెలకువ రాగానే రోగి అడిగే ప్రశ్న ఉంటుంది: "నేనేమైనా అన్నానా?" నిజంగానే ఏదో విన్నారనుకోండి. ఏమీ అనలేదంటే అబద్ధం, అన్నావంటే ఆ మనిషికి నిద్ర పట్టదు. ఇలాంటి చోట వినకూడనిది వదిలేసి, విన్నదానిలో మరొక నిజాన్ని చెప్పే వెసులుబాటును ధర్మవేత్తలు ఇచ్చారు. "నీళ్లు అడిగావు ఆపా, పిల్లల్ని అడిగావు" అంటే చాలు. ఎలాగూ ఆమె నీళ్లు అడిగే ఉంటుంది.