ఒత్తుకి సొంత కోడ్ ఉంటే

పోయిన వారం అమ్మమ్మకి మెసేజ్ పెడుతుంటే చెయ్యి తగిలి ఒక బ్యాక్‌స్పేస్ పడింది. చూసుకోకుండా పంపేశాను: "అమ్మమ్, ఎలా ఉన్నావు?" వెంటనే జవాబు వచ్చింది: "ఏమ్మా, నన్ను సగంలోనే ఆపేశావు?"

ఒత్తు ఒక్కటి పోతే "అమ్మమ" మిగలాలి కదా, ఈ పొల్లు ఎక్కడిది? సొంతంగా తెలుగు నేర్చుకునే మనం ముందు కంటితో నేర్చుకుంటాం. మ పక్కన కిందగా వేలాడే చిన్న గుర్తు, అది ఒత్తు. కానీ యూనికోడ్‌లో తెలుగు ఒత్తుకి సొంత కోడ్ లేదు. అక్కడ "మ్మ" అంటే మ, పొల్లు, మళ్ళీ మ. "అమ్మమ్మ" కంటికి ఐదు గుర్తులు, లోపల ఏడు కోడ్‌లు. చివరిది చెరిపితే దాక్కున్న పొల్లు బయటపడుతుంది.

టిబెటన్ లిపిలో అలా కాదు. వాళ్ళూ మనలాగే అక్షరం కింద అక్షరం పేరుస్తారు. వాళ్ళ భాషలో ఎనిమిదిని పలికేది సుమారుగా "గ్యే" అని. రాసేది మాత్రం బ, ర, ర కింద గ, దాని కింద య, చివర ద. (మన స్పెల్లింగ్ ఎంత సుఖమో!) కింద వచ్చే గకీ యకీ విడిగా కోడ్‌లు ఉన్నాయి. ఐదు గుర్తులు, ఐదు కోడ్‌లు. మన పద్ధతిలో అయితే ఏడు అయ్యేవి.

నిజానికి మొదట వాళ్ళకీ మన పద్ధతే పెట్టారు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లో టిబెటన్‌కి పొల్లు పద్ధతే ఉంది. 1993లో ఆ లిపిని మొత్తం తీసేశారు. 1996లో, 2.0 వెర్షన్‌లో, కింది అక్షరాలకి సొంత కోడ్‌లు ఇచ్చి వేరే చోట మళ్ళీ చేర్చారు. పాత చోటు తర్వాత బర్మీస్ లిపికి వెళ్ళింది. మామూలు టిబెటన్ మాటలు రాయడానికి పొల్లు అక్కర్లేదు, సంస్కృతం రాసేటప్పుడే వస్తుంది. చేత్తో ఎవరూ రాయని గుర్తుని ప్రతి పేర్పు మధ్యలో ఎందుకు దాచాలి? మార్చి మంచి పని చేశారని నా అభిప్రాయం.

నష్టం లేదని అనను. ఒకే గకి రెండు కోడ్‌లు ఉంటే మాటల్ని నిఘంటువు వరుసలో పెట్టే ప్రోగ్రామ్ రాయడం కష్టం. మనకి గ ఒక్కటే. 2002లో చైనా ఇంకా ముందుకెళ్ళి 956 పేర్పులకి ఒక్కోదానికి ఒక్కో కోడ్ అడిగింది, అది కుదరలేదు. కుదరకపోవడమే నయం. ఒకే మాటని రెండు రకాలుగా దాస్తే, వెతికినప్పుడు సగం దొరకవు.

తెలుగుకి ఆ రెండో అవకాశం రాదు. ఒకసారి చేర్చిన అక్షరాన్ని ఇప్పుడు యూనికోడ్ తీసేయదు. తీయమని నేనూ అడగను, ఇన్నేళ్ళుగా రాసినదంతా ఏమైపోవాలి? నేను అడిగేది కీబోర్డ్ చేసేవాళ్ళని. నేను "మ ఒత్తు" నొక్కితే పొల్లూ మ రెండూ మీరే వేసుకోండి. బ్యాక్‌స్పేస్ కొడితే రెండూ కలిపి తీసేయండి. లోపలి కోడ్‌లు అలాగే ఉంటాయి, ఎవరి ఫైలూ పాడవదు.

పొల్లు లెక్క అర్థం కాకపోతే తెలుగు రానట్టే అని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోకండి. మా అమ్మమ్మ పాత ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి. మ రాసింది, ఒత్తు పెట్టింది. మధ్యలో ఎక్కడా పొల్లు గీసి చెరిపిన గుర్తు లేదు.