పొడుగు సూదితో చిన్న అల్లికలు

చలికాలం వస్తోంది కాబట్టి ఈసారి ఊలు సంగతి. మా డబ్లిన్ కాలిఫోర్నియాది, ఇక్కడ మంచు పడదు. ఒహాయో డబ్లిన్‌లో ఉన్నవాళ్లు మా చలి మాటలు విని నవ్వుకోవచ్చు. అయినా పొద్దున్నే పిల్లల్ని బడిలో దింపేటప్పుడూ, సాయంత్రం నడకకి వెళ్లినప్పుడూ చెవుల్లో గాలి దూరుతుంది. అంతమాత్రం చలికి స్వెట్టర్ అల్లక్కర్లేదు. చెవులు కప్పే ఓ పట్టీ చాలు. అలాంటి చిన్న వస్తువులకి బాగా నప్పే అల్లిక టునీషియన్ క్రోషియా.

అల్లిక అనగానే మనకి రెండు బొమ్మలు కనిపిస్తాయి. రెండు పొడుగు సూదులతో స్వెట్టర్ అల్లే మనిషి ఒకటి, సన్నటి కొక్కెం సూదితో తెల్లదారం లేసు అల్లే గోదావరి జిల్లా పిన్ని ఒకటి. టునీషియన్ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. పనిముట్టు కొక్కెమే గానీ స్వెట్టర్ సూదంత పొడుగు. మామూలు క్రోషియాలో ఒక కుట్టు పూర్తి చేశాకే రెండోదానికి వెళ్తాం. ఇందులో వరసలోని కుట్లన్నీ ముందు సూది మీదకి ఎక్కుతాయి, తర్వాత ఒక్కొక్కటిగా దిగుతాయి. అందుకే ప్రతి వరసకీ రెండు భాగాలు. నేను వాటిని వెళ్లే వరస, తిరుగు వరస అంటాను. పని ఎప్పుడూ మన వైపే ముఖం పెట్టి ఉంటుంది, వెనక్కి తిప్పడం ఉండదు. వచ్చే గుడ్డ దట్టంగా, కన్నాలు లేకుండా, చిన్న చిన్న గళ్ల నేతలా ఉంటుంది.

అమెరికాలో దీనికి పాతపేరు ఆఫ్ఘన్ స్టిచ్. ఆ పేరు ఎందుకు చెప్తున్నానంటే, పాతసామాన్ల దుకాణాల్లో ఆ సూది ఆఫ్ఘన్ హుక్ అనే పేరుతోనే దొరుకుతుంది, చాలా చవగ్గా.

కొత్తవి కొనడానికి మాత్రం చోట్లు తగ్గాయి. జోయాన్ దుకాణాలన్నీ 2025 మే నెలాఖరుకి మూతపడ్డాయి. ఊలు చేత్తో పట్టుకుని చూసి కొనాలంటే ఇప్పుడు మైకేల్స్, హాబీ లాబీ, లేదా మీ ఊళ్లో ఉంటే ఓ చిన్న ఊలు కొట్టు. కొనేటప్పుడు ఉండకి చుట్టిన కాగితం మీద ఊలు ఉండ బొమ్మలో ఓ అంకె ఉంటుంది, అది చూడండి. 0 నుంచి 7 దాకా ఉంటాయి. 0 దారంలా సన్నం, 7 తాడంత లావు. నేర్చుకోవడానికి 4 సరైనది. రంగు లేతది తీసుకోండి. నలుపు, ముదురు నీలం అయితే కుట్లు కనపడక విసుగొచ్చి వదిలేస్తారు.

ఆ కాగితం మీదే ఏ సైజు హుక్ వాడాలో కూడా ఉంటుంది. అది మామూలు క్రోషియాకి. మనం దానికంటే రెండు మూడు సైజులు పెద్దది తీసుకోవాలి. కాగితం మీద 5 మిల్లీమీటర్లని ఉంటే 6 గానీ 6.5 గానీ. ఈ అల్లిక దట్టం కాబట్టి సన్నటి సూదితో అల్లితే అట్టముక్కలా తయారవుతుంది. టునీషియన్ సూది రెండో కొసన కుట్లు జారిపోకుండా బిళ్ల ఉంటుంది. పది పన్నెండు కుట్ల వెడల్పు వాటికైతే ఇంట్లో ఉన్న మామూలు హుక్ కూడా సరిపోతుంది, కానీ దాని మధ్యలో పట్టుకోవడానికి ఉబ్బుగా రబ్బరు పిడి ఉండకూడదు. ముందే సెట్టు కొనేయకండి. నచ్చుతుందో లేదో చూసుకోండి.

మొదట కప్పు కింద పెట్టుకునే చదరం అల్లండి. దానికి నూలు దారమే కావాలి. షుగర్ అండ్ క్రీమ్ లాంటి కాటన్ ఉండ ఒకటి కొంటే రెండు మూడు చదరాలు వస్తాయి. యాక్రిలిక్ వద్దు, అది ప్లాస్టిక్ జాతి. వేడి గిన్నె పెడితే కరుగుతుంది.

16 గొలుసు కుట్లు వేయండి. సూది మీద మిగిలిన లూపే మొదటి కుట్టు కింద లెక్క. సూది దగ్గర్నుంచి రెండో గొలుసులో హుక్ దూర్చి, దారం చుట్టి, లూప్ లాగి సూది మీదే ఉంచేయండి. గొలుసు వెనక్కి తిప్పి చూస్తే చిన్న బొడిపెలు కనిపిస్తాయి. వాటిలో దూరిస్తే అడుగు అంచు శుభ్రంగా వస్తుంది. ఇలా ప్రతి గొలుసులోంచీ ఒక్కో లూప్ లాగుతూ పోతే చివరికి సూది మీద 16 లూపులు నిలబడాలి. ఇది వెళ్లే వరస.

తిరుగు వరసలో మొదట దారం చుట్టి ఒక్క లూప్‌లోంచే లాగాలి. ఇది ఒక్కసారే. ఆ తర్వాత దారం చుట్టి రెండేసి లూపుల్లోంచి లాగుతూ రండి, సూది మీద ఒకే ఒక్క లూప్ మిగిలేదాకా. అంతే, ఒక వరస అయినట్టు.

ఇప్పుడు అల్లిక ముఖం మీద నిలువు పోగులు కనిపిస్తాయి, కిటికీ ఊచల్లా. రెండో వరస నుంచి మన పని వాటితోనే. మొట్టమొదటి పోగుని వదిలేయండి, ఎందుకంటే సూది మీద ఉన్న లూప్ దానిదే. రెండో పోగు వెనకనుంచి హుక్‌ని కుడి నుంచి ఎడమకి దూర్చి, దారం చుట్టి, లాగి ఉంచండి. ఎడమచేతి వాటం వాళ్లు దిక్కులు తిప్పి చదువుకోండి. వరస కొసన అంచు మీద రెండు పోగులు ఉంటాయి, ముందొకటి, వెనకొకటి. రెండిటినీ కలిపి ఎత్తాలి. ముందుదొక్కటే ఎత్తితే అంచు సాగి వేలాడుతుంది. కొత్తవాళ్ల చదరం పైకి పోయేకొద్దీ గోపురంలా సన్నబడటానికి ముఖ్య కారణం ఈ కొస కుట్టు మర్చిపోవడమే. అందుకని వెళ్లే వరస అయిన ప్రతిసారీ లెక్కపెట్టండి. 16 ఉంటేనే తిరుగు వరస.

పద్నాలుగు వరసలు వచ్చేసరికి సుమారుగా చదరం అవుతుంది. ముగించడానికి నిలువు పోగులో హుక్ దూర్చి, దారం చుట్టి, ఆ పోగులోంచీ సూది మీద ఉన్న లూప్‌లోంచీ ఒకేసారి లాగేయాలి. ఇలా కొసదాకా. దీన్ని టునీషియన్ సింపుల్ స్టిచ్ అంటారు. మిగతా కుట్లన్నీ ఇంచుమించు హుక్ ఎక్కడ దూర్చాలి, దారం ముందుంచాలా వెనకుంచాలా అన్న తేడాలే. నిలువు పోగుకి వెనక కాకుండా, ముందు పోగుకీ వెనక పోగుకీ నడుమనుంచి అవతలికి దూరిస్తే నిట్ స్టిచ్. అది అచ్చం స్వెట్టర్ అల్లికలా ఉంటుంది.

నాలుగో వరస దగ్గర ఒక అనుమానం వస్తుంది. అడుగు అంచు ముందుకి చుట్టుకుపోతూ ఉంటుంది. కంగారు పడి విప్పేయకండి. ఇంటర్ ఫిజిక్స్‌లో రెండు లోహాల పట్టీ గుర్తుందా? రెండు ముఖాలూ ఒకేలా సాగకపోతే పట్టీ వంగుతుంది. ఇక్కడా అంతే. ముందు వైపు నిలువు పోగులు బిగుతుగా ఉంటాయి, తిరుగు వరస దారమంతా వెనక్కి పోగవుతుంది. వెనక వైపు దారం ఎక్కువ, ముందు వైపు తక్కువ, కాబట్టి తక్కువున్న వైపుకి వంగుతుంది. సూది సైజు పెంచడం, తిరుగు వరస కాస్త వదులుగా అల్లడం సగం మందు. అయ్యాక చదరాన్ని తడిపి, తువ్వాలు మీద సాపుగా పరిచి, చుట్టూ పిన్నులు గుచ్చి ఆరబెడితే మిగతా సగం. యాక్రిలిక్ అయితే ఇస్త్రీపెట్టె తగలనివ్వకుండా పైనుంచి ఆవిరి మాత్రం పట్టాలి.

చదరం వచ్చిందంటే చెవుల పట్టీ వచ్చినట్టే. 4 నంబరు మెత్తటి ఊలు, 6.5 హుక్, 12 కుట్లు. వరసలు లెక్కపెట్టే పనిలేదు. మీ తల చుట్టుకొలత కంటే అంగుళంన్నర తక్కువ వచ్చేదాకా అల్లి, రెండు కొసలూ కలిపి కుట్టేయండి. అదే 8 కుట్లతో అల్లిన పట్టీని మామూలు జడ రబ్బరు చుట్టూ కప్పి కుడితే స్క్రంచీ. 20 కుట్ల పట్టీ పది అంగుళాలు అల్లి, మధ్యకి మడిచి, పక్కలు కుట్టి, పైన గొలుసు తాడు దూరిస్తే చిన్న సంచి. వరలక్ష్మీ వ్రతానికో నవరాత్రి పేరంటానికో తాంబూలం పెట్టి ఇవ్వడానికి ముచ్చటగా ఉంటుంది.

ఇక్కడే అసలు సంగతి మొదలవుతుంది. ఆ సంచి ఎవరో ఒకరు చూస్తారు. "ఎంత బావుందో! మా పేరంటానికి పాతిక అల్లిపెట్టవా? ఒక్కోదానికి ఐదు డాలర్లు ఇస్తాను. ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా" అంటారు. అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కారు, ప్రేమగానే అడుగుతారు. కానీ కాగితం తీసుకుని లెక్క వేద్దాం. చెయ్యి తిరిగినదానికి కూడా కుట్టడం, తాడు వేయడం కలిపి సంచికి రెండున్నర గంటలు. పాతికకి 62.5 గంటలు. వచ్చేది 125 డాలర్లు. గంటకి రెండు డాలర్లు, అదీ ఊలు ఖర్చు తియ్యకముందు. కాలిఫోర్నియాలో 2025లో కనీస వేతనం గంటకి 16.50. ఆ లెక్కన ఒక్క సంచికి కూలే 41 డాలర్లు దాటుతుంది. తాంబూలం సంచికి అంత ఎవరూ ఇవ్వరు, ఇమ్మని నేనూ అనను. కానీ ఆ తేడా ఎవరు భరిస్తున్నారో తెలిసి ఉండాలి.

ఆ "ఖాళీగానే ఉంటావుగా" అన్న మాట మనకి కొత్తది కాదు. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లిక 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులతో మొదలైందని చెబుతారు. పశ్చిమగోదావరి డెల్టాలో ఊరూరా ఆడవాళ్లు అల్లిన టేబుల్ గుడ్డలు, దుప్పట్లు యూరపు, అమెరికా బజార్లకి వెళ్లాయి. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో అక్కడికి వెళ్లి పరిశీలించి 1982లో ఓ పుస్తకం అచ్చువేసింది, ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్. ఆమె చూపించిన విషయం చాలా సూటిగా ఉంటుంది. ఆడవాళ్లు ఇంటి చాకిరీ కాక రోజుకి గంటల తరబడి లేసు అల్లుతున్నారు. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు అవి అతుకుతారు. సరుకు దేశాలు దాటుతోంది, ఎగుమతి చేసేది మగవాళ్లు. అల్లిన మనిషిని మాత్రం పనిమనిషిగా కాదు, కూలిగా కాదు, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణిగా లెక్కవేశారు. అందుకే ఆ కూలి అంత తక్కువగా ఉండిపోయింది.

నరసాపురం క్రోషియా లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే. క్రోషియా లేసు మిల్లు సరుకు కాదు, చేతిపని. ఇక్కడి దుకాణంలో పదిహేను డాలర్లకి క్రోషియా టాప్ వేలాడుతుంటే నేను ధర చీటీ చూసి గంటలు లెక్కవేస్తాను. అది అలవాటైపోయింది. మా ఆయనకి నాతో షాపింగ్ అంటే భయం.

మరి అమ్మవచ్చా అంటే, ముందు వీసా చూసుకోవాలి. మన చదువరుల్లో హెచ్-4 మీద ఉన్నవాళ్లు చాలామంది. 2015 మే నుంచి కొందరు హెచ్-4 వాళ్లకి పని అనుమతి కార్డు ఇస్తున్నారు గానీ అందరికీ కాదు. భర్తదో భార్యదో గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 ఆమోదం లాంటివి అయి ఉండాలి. ఆ కార్డు లేకుండా డబ్బు తీసుకుని అమ్మడం, ఎట్సీలో చిన్న దుకాణం అయినా సరే, అనుమతి లేని పని కిందికి వచ్చే ప్రమాదం ఉంది. "సరదాకే కదా" అన్న జవాబు అక్కడ చెల్లదు. ఏ అనుమానం ఉన్నా ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడిగాకే మొదటి డాలరు పుచ్చుకోండి. కార్డు ఉన్నవాళ్లు కూడా కాలిఫోర్నియాలో క్రమంగా అమ్మాలంటే సెల్లర్స్ పర్మిట్ తీసుకోవాలి. పన్నెండేళ్ల లోపు పిల్లల వస్తువులకి దేశమంతటా వేరే భద్రతా నియమాలు ఉన్నాయి, చేత్తో అల్లినవైనా సరే. పసిపిల్లల తలపట్టీకి పూసలు కుట్టి అమ్మేముందు అవి చదవండి.

నా పద్ధతి అడిగితే, ఐదు డాలర్లకి అల్లను. ఇష్టమైన మనిషికి ఊరికే ఇస్తాను. ఊరికే ఇస్తే అది కానుక, తీసుకున్నవాళ్లకీ ఆ సంగతి తెలుస్తుంది. ఐదు డాలర్లు పుచ్చుకుంటే దాని ధర ఐదు డాలర్లని మనమే చెప్పినట్టు. పైగా ఇదే పని మీద ఇల్లు నడుపుకునేవాళ్ల ధరని మనం కిందకి లాగినట్టు కూడా. పాతిక కావాలని గట్టిగా అడిగినవాళ్లకి మాత్రం సూదీ ఊలూ తెచ్చుకుని రమ్మంటాను, నేర్పిస్తానని. ముగ్గురు వస్తే తలా ఎనిమిది అల్లుకోవచ్చు, ఒకటి నేను వేస్తాను. శుక్రవారం మధ్యాహ్నం పిల్లలు బడినుంచి వచ్చేలోపు రెండు గంటలు కూర్చుంటే కబుర్లూ అవుతాయి.

డిసెంబరు సెలవులకి ఇండియా వెళ్లేవాళ్లకి ఒక మాట. అమెరికా విమానాశ్రయాల్లో క్రోషియా హుక్ చేతిసంచిలో తీసుకెళ్లనిస్తారు, నాలుగు అంగుళాల లోపు కత్తెర కూడా. తిరుగు ప్రయాణంలో మాత్రం రెండూ పెద్దపెట్టెలో వేసేయండి, అక్కడి తనిఖీలో వాదన పెట్టుకోవడం దేనికి. భీమవరం, పాలకొల్లు వైపు చుట్టాలుంటే నరసాపురం దాకా వెళ్లి లేసు చూడండి. కొనేటప్పుడు వెనక్కి తిప్పి, పువ్వుకీ పువ్వుకీ మధ్య అతుకులు చూడండి. బాగా అతికిన చోట ముడి కనపడదు. ఒక చదరం అల్లి ఉన్న చెయ్యి అయితే, అందులో ఎన్ని గంటలు ఉన్నాయో బేరం మొదలుపెట్టకముందే మీకు తెలుస్తుంది.