1.56 వచ్చింది కదా అని వదిలేశాం

మా బాబాయ్ న్యూజెర్సీలో ఉంటారు. పోయిన ఏడాది ఎవరో పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే డైనాకో స్టీరియో 70 అనే పాత ట్యూబ్ యాంప్లిఫయర్ కొన్నారు. 1959లో ఫిలడెల్ఫియాలో డేవిడ్ హాఫ్లర్ కంపెనీ తెచ్చిన మోడల్ అది. అప్పట్లో చాలామంది కిట్‌గా కొనుక్కుని ఇంట్లోనే సోల్డరింగ్ చేసుకునేవాళ్లట. బాబాయ్ కొత్త ఈఎల్34 ట్యూబులు నాలుగు తెప్పించి, "ఒరేయ్, బయాస్ సెట్ చెయ్యాలట, మాన్యువల్ చదివి చెప్పు" అని వీడియో కాల్ చేశారు. నేను సీఎస్‌ఈ. బయాస్ అంటే నాకు తెలిసింది న్యూరల్ నెట్‌వర్క్‌లో కలిపే ఒక నంబరు, లేకపోతే ఏఐ మీద వార్తల్లో రాసే 'పక్షపాతం'. అయినా హాస్టల్ రూమ్‌లో కూర్చుని పీడీఎఫ్ తెరిచాను.

విషయం అంత కష్టమైనది కాదు. మన తాతల కాలంలో ట్యూబ్‌ని వాల్వు అనేవారు (వాల్వు రేడియో గుర్తుందా?), ఆ పేరే దీనికి బాగా సరిపోతుంది. అదొక కుళాయి. లోపల గ్రిడ్ అనే జాలీకి మైనస్ వోల్టేజీ ఇస్తే కరెంటు తగ్గుతుంది, ఆ మైనస్ తగ్గిస్తే కరెంటు పెరుగుతుంది. పాట ఏదీ రానప్పుడు కుళాయి ఎంత తెరిచి ఉంచాలి అన్నదే బయాస్. మరీ తక్కువ తెరిస్తే, రెండు ట్యూబులు పాటను ఒకదాని నుంచి ఇంకొకటి అందుకునే చోట సౌండ్ గరుకుగా వస్తుంది. మరీ ఎక్కువ తెరిస్తే ట్యూబ్ కాలిపోతుంది.

స్టీరియో 70లో ఒక్కో ఛానల్‌కి రెండు ఈఎల్34లు. ఆ రెండిటి కరెంటూ కలిసి ఒకే 15.6 ఓమ్ రెసిస్టర్ గుండా పోతుంది. దాని మీద 1.56 వోల్టులు వచ్చేలా స్క్రూ తిప్పమంటుంది మాన్యువల్. 1.56ని 15.6తో భాగిస్తే 100 మిల్లీ ఆంపియర్లు, అంటే ట్యూబ్‌కి 50. తెలివైన డిజైనే. కొత్త టార్చ్ బ్యాటరీ కూడా దాదాపు అంతే వోల్టేజీ చూపిస్తుంది కాబట్టి మన మీటర్ సరిగ్గా ఉందో లేదో దానితోనే చూసుకోవచ్చు. బాబాయ్ తిప్పారు, మీటర్‌లో 1.56 వచ్చింది, రెండో ఛానల్‌లోనూ 1.56. "అయిపోయింది బాబాయ్, పాట పెట్టుకోండి" అన్నాను. గర్వంగా కూడా అనిపించింది.

రెండు వారాల తర్వాత రాత్రి లైట్లు ఆర్పి పాటలు వింటుంటే, ఒక ట్యూబ్‌లో ప్లేటు ఎర్రగా మెరుస్తూ కనిపించిందట. ఫిలమెంట్ నారింజ వెలుగు మామూలే. బూడిద రంగులో ఉండాల్సిన ప్లేటు ఎర్రబడిందంటే అది మోయగలిగిన దానికన్నా ఎక్కువ వేడి అందులో పుడుతోందని అర్థం. ఆయన వెంటనే ఆపేసి, ఆ ఛానల్‌లో మీటర్ పెట్టి మళ్లీ ఒక్క నిమిషం ఆన్ చేసి చూశారు. 1.55!

అక్కడ నాకు బుర్ర వెలిగింది. మీటర్ అబద్ధం చెప్పలేదు. మేం దాన్ని అడిగిందే మొత్తం ఎంత అని. ఎవరి వాటా ఎంత అని ఎవరూ అడగలేదు. నలుగురు చేసే గ్రూప్ ప్రాజెక్ట్ గుర్తుచేసుకోండి. రిపోర్టు టైముకి వెళ్లింది, మార్కులు వచ్చాయి, గైడ్‌గారు హ్యాపీ. ఒక్కడే మూడు రాత్రులు నిద్రపోలేదన్న సంగతి ఆ మార్కుల్లో ఎక్కడా ఉండదు.

బాబాయ్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివారు, చేతికి సోల్డరింగ్ అలవాటుంది. ఆ ఒక్క రెసిస్టర్ తీసేసి ట్యూబ్‌కి ఒకటి చొప్పున 10 ఓమ్ రెసిస్టర్లు పెట్టారు. ఇప్పుడు లెక్క ఇంకా సులువు, 0.50 వోల్టులు అంటే 50 మిల్లీ ఆంపియర్లు. ఏ స్క్రూ తిప్పకుండా ముందు అలాగే కొలిచాం. ఒకదానిది 0.68, పక్కదానిది 0.31. కలిపితే 99. మాన్యువల్ ప్రకారం ఫస్ట్ క్లాస్ పాస్.

ఈఎల్34 ప్లేటు హద్దు 25 వాట్లు. మా ప్లేటు వోల్టేజీ 432. 68లో స్క్రీన్ గ్రిడ్ వాటా ఓ 7 తీసేసినా, 61ని 432తో గుణిస్తే 26 వాట్లు దాటుతోంది. ఎర్రబడదా మరి?

ఆ 432 సంగతి కూడా చెప్పాలి. డిజైన్ చేసిన రోజుల్లో అమెరికా గోడ సాకెట్‌కి 117 వోల్టుల లెక్క. బాబాయ్ ఇంట్లో మీటర్ 123 చూపించింది. సాకెట్‌లో పెరిగితే ప్లేటు మీదా పెరుగుతుంది, అప్పుడు అదే 50 మిల్లీ ఆంపియర్లు ఎక్కువ వాట్లు అవుతాయి. పైగా పాత రెసిస్టర్ ఏళ్లు గడిచేకొద్దీ విలువ మారిపోతుంది. 15.6 కాస్తా 17 అయితే, 1.56 చూపిస్తున్నప్పుడు పోయేది 100 కాదు, 92. అందుకే రెసిస్టర్‌ని కూడా ముందు కొలవాలి, అదీ పవర్ తీసేశాక. మీటర్ వైర్లకే 0.2, 0.3 ఓమ్ ఉంటుంది కాబట్టి అది తీసేయాలి. బయాస్ కొలవడానికి 1 ఓమ్ రెసిస్టర్ పెట్టిన యాంప్‌లో ఈ చిన్న తప్పే పెద్దదవుతుంది.

ట్యూబ్ యాంప్ మనుషుల్లో నాకు రెండు గుంపులు కనిపించాయి. ఒకళ్లకి నంబరు వేదం, 1.56 అంటే 1.56. రెండో గుంపు "చెవే మీటర్" అంటుంది. రెండో వాళ్ల మీద నాకు కొంచెం ఎక్కువ కోపం, ఎందుకంటే మా బాబాయ్ చెవికి ఆ రెండు వారాలూ పాట అద్భుతంగానే వినిపించింది. మొదటి గుంపులో నేనూ ఉన్నాను కాబట్టి వాళ్లని పెద్దగా తిట్టలేను. నేననేదల్లా ఇంతే: ప్రతి ట్యూబ్‌ని విడిగా, మీ ఇంటి వోల్టేజీ దగ్గర కొలవకపోతే దాన్ని బయాస్ సెట్ చేయడం అనకూడదు. 'మ్యాచ్డ్ పెయిర్' అని పెట్టె మీద రాసి ఉంటే సరిపోదు. అమ్మినవాళ్లు ఏదో ఒక వోల్టేజీ దగ్గర ఒక రోజు చూసిన జత అది. వాడేకొద్దీ రెండూ రెండు దారులు పడతాయి. ట్యూబ్ పోవడం ఒక్కటే నష్టం కాదు. రెండు వైపుల కరెంటూ సమానంగా ఉంటేనే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లేకపోతే ముందు దెబ్బతినేది బేస్.

ఇది చదివి ఎవరైనా పాత యాంప్ తెరిస్తే దయచేసి ఒక్క మాట వినండి. లోపల 400 వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ మిగులుతుంది. బాబాయ్ క్లిప్ వైర్లు ముందే తగిలించి, ఎడమ చేయి జేబులో పెట్టుకునే కొలిచారు. పిన్ని అయితే అసలు ఆ గదిలోకే రానన్నారు.

ఇప్పుడు ట్యూబ్‌కో స్క్రూ ఉంది. స్పీకర్లు తగిలించి, పాట లేకుండా పావుగంట వేడెక్కనిచ్చి, నాలుగింటినీ 42 దగ్గర పెట్టాం. స్క్రీన్ వాటా కూడా కలిపి లెక్కేసుకుంటే 18 వాట్లు. ఒకటి తిప్పితే మిగతావి కాస్త కదులుతాయి, అందుకని మూడుసార్లు చుట్టూ తిరగాల్సొచ్చింది. ఎర్రబడిన ట్యూబ్ కూడా బతికే ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు సమానం చేసినంత మాత్రాన పాట పెట్టాక రెండూ సమానంగా లాగుతాయని కాదు, అది వేరే గొడవ.

నెలకోసారి బాబాయ్ నాకు నాలుగు నంబర్లు వాట్సాప్ చేస్తారు, నేను షీట్‌లో ఎక్కిస్తాను. ఈ నెల మూడోది 46కి వచ్చింది. ఇంకా ముట్టుకోలేదు. ఆదివారం కాల్‌లో గోడ వోల్టేజీ కూడా చూశాక తిప్పాలో వద్దో తేలుస్తాం.