టోకు వర్తకము – ఇల్లు కట్టువాని గోడు

కావలినుండి ఉదయగిరికి పోవు బాటమీద దుత్తలూరు గలదు. తూర్పున కోస్తా రైలుమార్గమునకును పడమట వెలిగొండలకును నడుమ నున్న మెట్టసీమ యిది. వాన వెనుదీసిన యేడు ఇచ్చటివారిలో పెక్కండ్రు హైదరాబాదునకో బెంగుళూరునకో వలసపోవుదురు. కష్టించి కొంత కూడబెట్టుకొని తిరిగివచ్చినవాడు మొట్టమొదట తలపెట్టు కార్యము ఇల్లు కట్టుట. అతని సొమ్ములో ఎంతపాలు గోడలయందు నిలిచినది, ఎంతపాలు దారిలోనే జారిపోయినది యని లెక్కచూచువారు అరుదు. ఈ వారము ఆ లెక్కనే మా పాఠకుల యెదుట నుంచదలచితిమి.

మన తాతలనాడు ఇంటికి వలయు వస్తువులలో ఊరి పొలిమేర దాటి తేవలసినవి మిక్కిలి తక్కువ. రాయి కొండనుండి, మన్ను చెరువునుండి, దూలములు తాటితోపునుండి, సున్నము ఊరి గానుగనుండి వచ్చెడివి. మేకులును బెంగుళూరు పెంకులును మాత్రము బండిమీద పట్టణమునుండి దిగెడివి. అమ్మువాని ముఖము కొనువా డెఱుగును. సరకు చెడినచో అడుగుటకు వాకిలి యొకటి యుండెడిది. ఆ యిండ్లు స్వర్గములని మేము చెప్పబోము. కారని కప్పు, చెదలుపట్టని దూలము అందు అరుదు. కాని నేటి యింట సిమెంటు ఒక జిల్లాది, ఇనుము మఱియొక జిల్లాది, కంకర క్రషరుది, ఇసుక యేటిది. ఈ వస్తువులకును ఇల్లు కట్టువానికిని నడుమ ఒక పొడవైన వరుస నిలిచియున్నది. ఆ వరుస పేరే టోకు వర్తకము.

సిమెంటు సంగతి మొదట చూతము. సున్నపురాయి కడప, కర్నూలు, అనంతపురము సీమల భాగ్యము. ఎఱ్ఱగుంట్ల, కమలాపురము, జమ్మలమడుగు, తాడిపత్రి ప్రాంతముల కార్ఖానాలనుండి లారీలు మైదుకూరు, బద్వేలు మీదుగ వెలిగొండలు దాటి ఆత్మకూరు చేరును. దూరము చూడగా ఇది మన పెరటి సరకే యనదగును. ఐనను కార్ఖానా గేటునుండి నేరుగ మన వాకిటికి రాదు. కార్ఖానావారి డిపో యొకటి పట్టణమున నుండును. ఆ డిపోను నడుపు ఏజెంటునకు సరకుమీద హక్కు లేదు. దించి, దాచి, ఎక్కించినందులకు టన్నునకింత యని కూలి ముట్టును. అతని తరువాతివాడు డీలరు. ఇతడు కంపెనీకి ధరావతు కట్టి, గడువుమీద సరకు తెచ్చుకొనును. డీలరు క్రింద పల్లెలలోని చిల్లర యంగళ్లు. అటుపిమ్మట మేస్త్రీ. కట్టకడపట ఇంటి యజమాని. ఇరువది టన్నుల లారీలో నన్నూరు బస్తాలు పట్టును. అందుచే నన్నూరు బస్తాలు ఒక్కసారి దింపుకొనగలవానికే లారీ వాకిటికి వచ్చును. నలువది బస్తాలు వలసినవాడు నలుగురి చేతులు దాటిన సరకే కొనవలయును.

ఈ వరుసలో ప్రతివాడును దొంగ యని తలచుట అన్యాయము. నిలువకు చోటు, దింపుటకు కూలి, అప్పునకు ఓపిక, ఇవి యెవరో భరింపక తప్పదు. సిమెంటు నిలువయున్నకొలది బలము తగ్గును. మూడు మాసములు దాటినదానిని మరల పరీక్షింపక వాడరాదని ఇంజనీరులు చెప్పుదురు. వానకాలమున తడి తగిలి గడ్డకట్టిన బస్తా నష్టము చిల్లర వర్తకునిదే. మా ఆక్షేపణ అతని లాభముమీద కాదు. ధర నిర్ణయమగు విధముమీద.

ఆ విధము చిత్రమైనది. కంపెనీవారు బిల్లులో నొక ధర వ్రాయుదురు. పిమ్మట ఇన్ని టన్నులు అమ్మినచో ఇంత, రొక్కము ముందిచ్చినచో ఇంత, ఏడాది చివర మఱికొంత యని తగ్గింపులు చీటీలరూపమున వచ్చును. కావున డీలరునకు తాను కొన్న సరకు అసలు ధర కొన్న దినమున తెలియదు. నెల చివర టన్నుల లెక్క నిండకున్నచో తగ్గింపు పోవును. దానిని నింపుటకై అతడు తన లాభము విడిచి పొరుగు డీలరు ఊరిలో సరకు గ్రుమ్మరించును. మఱునెల ఆ నష్టము పూడ్చుకొనుటకు ధర పెంచును. ఒకే వీథిలో ఒకే కంపెనీ బస్తా రెండు అంగళ్లలో రెండు ధరలు పలుకుటకు ఇదియే కారణము. బస్తామీద అచ్చువేసిన గరిష్ఠ ధరయో, ఎవరును ఇచ్చునది కాదు, ఎవరును అడుగునది కాదు. బేరమునకు భయపెట్టు బొమ్మగ నిలిచియున్నది.

మఱియొక భేదము గలదు. అంగడిలో అమ్ముడగు సిమెంటునకు ఒక ధర. వంతెనలు, ఆనకట్టలు, మేడలు కట్టు కంట్రాక్టర్లకు నేరుగ బోవు సిమెంటునకు అంతకంటె తక్కువ ధర. మూటలెక్కన కొనువానికి చౌక యగుట వర్తకధర్మమే. కాని ఒకే యూరిలో, ఒకే దినమున, ప్రభుత్వపు పనికి వచ్చిన బస్తాకును పేదవాని గోడకు వచ్చిన బస్తాకును గల వ్యత్యాసము మోతకూలిచేతను నిలువ ఖర్చుచేతను సమర్థింపదగినంతకే పరిమితమా యని అడుగు హక్కు ప్రజలకు గలదు. మేస్త్రీకి ముట్టు బహుమానపు చీటీల మాట యిట్టిదే. ఏ సిమెంటు మంచిదని యజమాని మేస్త్రీ నడుగును. మేస్త్రీ తన చీటీ లెక్క చూచుకొని జవాబు చెప్పును. ఆ బహుమానపు వెల ఎవరి బస్తాలలోనిదో వేఱుగ చెప్పనక్కరలేదు.

ఈ కట్టుబాట్లు నేటివి కావు. మనదేశపు సిమెంటు కంపెనీలు 1930లోనే అమ్మకమునకై సిమెంటు మార్కెటింగు కంపెనీ యను ఉమ్మడి సంస్థను నెలకొల్పుకొనినవి. 1936లో పది కంపెనీలు కలిసి ఎ.సి.సి. యైనవి. యుద్ధకాలమున మొదలైన కంట్రోలు, నడుమ కొంతకాలము సడలినను, 1982 వఱకు సాగినది. ఆ సంవత్సరమున సగము సడలి, 1989లో పూర్తిగ తొలగినది. కంట్రోలునాడు రవాణా ఖర్చు దేశమంతట పంచుకొని అన్ని రైలుస్టేషన్లలో నొకే ధర యుండెడిది. కాగితముమీద ఎంత న్యాయము! కాని పర్మిటు లేనివానికి సిమెంటు లేదు, పలుకుబడి లేనివానికి పర్మిటు లేదు. బొంబాయిలో భవన నిర్మాతలకు సిమెంటు కేటాయించుటకును తన ట్రస్టులకు విరాళములు పుచ్చుకొనుటకును సంబంధము గలదని హైకోర్టు తీర్పు చెప్పగా, మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే 1982 జనవరిలో పదవి విడువవలసివచ్చినది. ఒక మహారాష్ట్రమేమి, బస్తా సిమెంటుకై తాలూకా కచేరీ మెట్లు అరగదొక్కినవారు మన జిల్లాలోను నేటికిని గలరు.

కంట్రోలు పోయిన పిమ్మట పోటీ వచ్చునని తలచితిమి. వచ్చినదేమో చూడుడు. కట్టడపు కంట్రాక్టర్ల సంఘము ఫిర్యాదుమీద విచారణ జరిపి, కాంపిటీషన్ కమిషనువారు 2012 జూన్‌లో పదునొకండు సిమెంటు కంపెనీలు కూడబలుకుకొని ఉత్పత్తిని ధరలను నడిపినవని తేల్చి, ఆరువేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించిరి. అప్పీలు న్యాయస్థానము 2015లో విధానపు లోపమున ఆ తీర్పును కొట్టివేసినది. 2016లో కమిషనువారు తిరిగి అదేరీతి తీర్పు చెప్పిరి. 2018లో పై ట్రిబ్యునలు దానిని ఖాయపఱచినది. కంపెనీలు సుప్రీముకోర్టు నాశ్రయించినవి. వ్యాజ్యము ఆరంభమైననాడు పునాది వేసినవాడు ఈపాటికి ఇంటికి రెండవసారి సున్నము కొట్టించుకొనియుండును.

పర్మిటు కాలమును మరల కోరువారము మేము కాము. కాని కంట్రోలు చెడ్డదైనంతమాత్రమున కూటమి మంచిది కాజాలదు.

ఇక ఇనుము. విశాఖ ఉక్కునకై 1966లో ఆంధ్రదేశ మంతయు నొక్కగొంతుకతో పోరాడినది; 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితము జరిగినవి. ఆ కడ్డీలును, గుమ్మిడిపూండి మొదలగుచోట్ల చిన్న మిల్లుల కడ్డీలును మన యంగళ్లలో ప్రక్కప్రక్కనే దొరకును. ఇచ్చట మోసమునకు ధరకంటె తూకమున చోటెక్కువ. ఈ సంగతి మా పాఠకులు కొంచెము ఓపికతో చదువగోరెదము.

కడ్డీ వ్యాసమును మిల్లీమీటర్లలో తీసికొని, దానిని దానిచేతనే గుణించి, 162చే భాగించినచో మీటరు బరువు కిలోలలో వచ్చును. ఆ లెక్కన పండ్రెండు మీటర్ల కడ్డీ, 8 మిల్లీమీటర్లదైనచో 4.74 కిలోలు, 10దైనచో 7.40, 12దైనచో 10.66, 16దైనచో 18.96 తూగవలయును. భారత ప్రమాణసంస్థవారు కార్ఖానాలకు కొంత సడలింపు నిచ్చియున్నారు. 10 మిల్లీమీటర్లవఱకు మొత్తము సరకుమీద నూటికి ఏడు, అటుపై 16వఱకు అయిదు, అంతకుమించిన లావునకు మూడు పాళ్లు ఎక్కువతక్కువలు ఉండవచ్చును. ఇందు తప్పులేదు. కాని వర్తకుడు మిల్లునుండి తూకమున కొని మనకు లెక్కన అమ్మినచో ఏమగును? సడలింపు హద్దులో తేలికగ పోసిన 8 మిల్లీమీటర్ల కడ్డీలు నూఱు కొన్నవాడు 474 కిలోలకు సొమ్మిచ్చి 441 కిలోలు ఇంటికి తెచ్చుకొనును. కిలో అరువది రూపాయలని పట్టినను రమారమి రెండువేలు గాలికి పోయినవి. హద్దుకంటె తేలికైన కడ్డీలు వచ్చినచో నష్టము సొమ్ముతో ఆగదు. కప్పు మోయవలసిన ఇనుము కప్పులోనే లేదన్నమాట. కట్టలు విప్పి వంచి కాంక్రీటులో పూడ్చిన పిమ్మట ఏ అధికారి వచ్చి తూచగలడు?

కావున కడ్డీలను లెక్కన కొనరాదు, తూకమున కొనవలయును. లారీతూకపు చీటీ బిల్లుతోకూడ పుచ్చుకొనవలయును. తూనికలు కొలతల శాఖవారు సంతలో కూరగాయల తక్కెడలను పరీక్షించు శ్రద్ధలో నాలవపాలు ఇనుప అంగళ్లమీద చూపినను మేలు. ఈ బరువుల పట్టికను ప్రతి గ్రంథాలయమున, పఠనమందిరమున గోడకు అంటించినచో వారి రాకకై వేచియుండ నక్కరయు లేదు.

ఇసుకను గూర్చి ఎక్కువ వ్రాయము. మన రాష్ట్రమున ఇసుక విధానము మారినన్నిసార్లు ఏటి పాయకూడ మారలేదు. 2014లో మహిళా సంఘములు, 2016లో ఉచితము, 2019లో ఖనిజాభివృద్ధి సంస్థ, 2021లో ఒక ప్రైవేటు కంపెనీ, 2024 జూలైలో తిరిగి ఉచితము. ఉచితమైనను త్రవ్వుకూలి, బండికిరాయి తప్పవు. పెన్నకు దూరమైన మెట్టగ్రామములకు కిరాయియే ఇసుక ధర. ఒక్క మాట మాత్రము చెప్పుదుము. తడిసిన ఇసుక పొంగి నూటికి ఇరువది ముప్పది పాళ్లు ఎక్కువ చోటాక్రమించును. ట్రాక్టరు నిండినదని సంతోషించువాడు ఆ తడియారిన పిమ్మట చూచుకొనవలయును.

పన్ను సంగతియు చూతము. 2017 జూలై నుండి సిమెంటుమీద నూటికి 28 వంతున నున్న జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 18 అయినది. పన్ను కలుపని ధర బస్తాకు మూడువందలనుకొన్నచో, మునుపు 384 అయినది ఇప్పుడు 354 కావలయును. ముప్పది రూపాయలు తగ్గవలయును. మూడువందల బస్తాలు పట్టు ఇంటికి తొమ్మిదివేలు. చిన్న మొత్తము కాదు. ఆ తొమ్మిదివేలు యజమాని జేబుకు చేరినదా, లేక తగ్గింపు చీటీలు కుదించుటవలన త్రోవలో నిలిచినదా? పాత బిల్లును క్రొత్త బిల్లును ప్రక్కప్రక్కన పెట్టినగాని తెలియదు. బిల్లే అడుగనివాడు దేనిని దేనితో పోల్చును? బిల్లు లేకున్న ధర తగ్గింతునని చెప్పు వర్తకుని మాటకు లొంగువారు చెడిన సిమెంటును తిరిగి యిచ్చు హక్కును ఆ క్షణముననే అమ్ముకొనుచున్నారు.

పొరుగున తమిళనాడు ప్రభుత్వమువారు 2015 జనవరిలో కంపెనీలనుండి సిమెంటు టోకున కొని, తమ గిడ్డంగుల ద్వారమున చిన్న యిండ్లు కట్టువారికి ఆరంభమున బస్తా 190 రూపాయలకు అమ్మిరి. 1500 చదరపుటడుగుల యింటికి 750 బస్తాలవఱకు హద్దు పెట్టిరి. మన ప్రభుత్వమువారును గృహనిర్మాణ సంస్థ ద్వారమున తమ పథకముల లబ్ధిదారులకు సిమెంటు ఇచ్చియున్నారు. కాని పథకమున పేరులేనివాడు, వలసపోయి తెచ్చిన సొంత సొమ్ముతో కట్టుకొనువాడు, ఈ రెంటికిని వెలుపలివాడు. అట్టివారు దుత్తలూరు, వింజమూరు, ఉదయగిరి మండలములలో ఎందరో యున్నారు. ఒక్కొక్కరికి నలువది బస్తాలైనచో పదిమంది కలిసిన లారీ నిండును. ఎరువులు పంచు సహకార సంఘములు గ్రామగ్రామమున నున్నవి. గిడ్డంగులు కొన్ని సంవత్సరమున సగముకాలము ఖాళీగ నుండును. పదిమంది చేతిసంతకములతో, రొక్కము ముందు చెల్లించి, కంపెనీ డిపోనుండి నేరుగ లారీ తెప్పించు పని సంఘమునకు దుర్ఘటము కాదు. ఇందు ఇబ్బంది యొకటి గలదు, దాచిపెట్టము: చిల్లర వర్తకుడు ఆఱునెలలు అప్పిచ్చును, సంఘ మట్లీయదు. అప్పు వలసినవాడు అంగడికే పోవును. అంగడివాని ధరలో వడ్డీ యెంతయో అతనికి స్పష్టమగుటయే అప్పటి లాభము.

నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గము 2011–12లో మంజూరైనది. 309 కిలోమీటర్ల పొడవున మన జిల్లా పడమటి సీమగుండ పోవలసిన యా మార్గపు పని నేటికిని సాగుచున్నది. అది పూర్తియైననాడు సిమెంటు కావలికో నెల్లూరికో దిగి తిరిగి పడమటికి ఎక్కనక్కరలేదు. కాని సరకురైలు ఒకటి వచ్చినదన్న రమారమి రెండున్నరవేల టన్నులు, అనగా అర్ధలక్ష బస్తాలు, కొలదిగంటలలో దింపవలయును. దింపుకొనుటకు గిడ్డంగి యెవరిదైన, ధర వారిది. స్టేషనుచెంత గిడ్డంగికి స్థలము కోరుచు సహకార సంఘములవారు రైల్వేవారికిని జిల్లా కలెక్టరునకును ఇప్పుడే అర్జీలు పంపవలయును. పట్టాలు వేసి ముగిసిన పిమ్మట ఆ స్థలము మిగులదు.